బతికున్నయా అని అడిగింది

బీడీల కార్ఖానల నెలకు సగం రోజులే ఆకు ఇస్తుండ్రని, నిజామాబాద్‌ల బోధన్ రోడ్డు పొంట ఉన్న ఒక రేకుల షెడ్డుల పనికి కుదిరిన. జీవన ఎరువులు ప్యాకెట్లల్ల నింపి సీలు కొట్టే పని.

మొదట్ల ఆ పని నాకు ఇష్టంగనే ఉండె. ల్యాబు చూసే పిల్ల ఒకతి ఉండేది. సీసాలల్ల బాక్టీరియా పెంచి, ఆ నీళ్లను మెత్తటి బొగ్గు పొడిల కలిపిచ్చేది. "ఇవి కండ్లకు కనవడయ్ గని వీటికి పానముంటదక్కా. గాలిలున్న నత్రజనిని పట్టి చెరుకు వేర్లకు అందిస్తయి. భూమిల బిగుసుకపోయిన భాస్వరాన్ని కరగదీస్తయి. యూరియా తక్కువేసినా నడుస్తది. ఎండల మాత్రం పెట్టకు, సచ్చిపోతయి" అని చెప్పేది. నాకు నవ్వొచ్చేది. అయినా ప్యాకెట్లను నీడకు జరిపేదాన్ని.

ఎండకాలం రాంగనే షెడ్డు నడిపే సేటు ఆ పిల్లను పని మాన్పిచ్చిండు. సీసాలు వచ్చుడు బందయింది. "మరి పొడి దేంతోని కలపాలె సేటూ?" అని అడిగిన.

"నల్లా నీళ్లతోని. రైతు ఏమన్న భూతద్దం పెట్టి సూస్తడా?"

గడువు దాటిన ప్యాకెట్లు దుకాణాల నుంచి తిరిగొస్తే, చింపి కుప్పపోసి కొత్త కవర్లల్ల నింపిచ్చేటోడు. గడ్డలు కట్టిన ఆ పొడిల బూజు, బొద్దింక రెక్కలు, ఎలుక పెంటికలు. ముక్కు పుటాలల్ల ఇరుక్కునే పుల్లటి కుళ్లు వాసన. ఎంత రుద్దినా గోర్ల సందుల నలుపు పోకపోయేది. ఆ చేత్తోని అన్నం కలపబుద్ధి గాక చెంచతోని తిన్న. పనికి మాత్రం ఏడాది దాటేదాక పోతనే ఉన్న.

ఒకనాడు పగటీలి సేటు అన్నానికి పోయినప్పుడు, బోధన్ దిక్కు ఊరి నుంచి ఒకామె సక్కగ షెడ్డుకే వచ్చింది. నాకంటే పెద్దది. ప్యాకెట్లు తీసుకొని, మా కుండల నీళ్లతోని తువ్వాల తడిపి, పిండి, వాటికి చుట్టవట్టింది.

"ఎందుకక్కా గంత జాగ్రత్త?"

"బస్సుల ఉడికిపోతయి కద చెల్లె. పోయిన ఏడు ఇవి వేసి యూరియా తగ్గిచ్చిన. చెరుకు ఎదగనే లేదు. నేనే ఎండల పెట్టి సంపినట్టున్న. ఇంట్ల అందరితోని మాటలు పడ్డ. గివి బతికున్నయా? సూసి ఇయ్యి."

"బతికే ఉన్నయ్" అన్న.

ఆమె పోయినంక నోట్లె నీళ్లూరినయ్, కక్కుకొచ్చేముందు ఊరినట్టు. ఉరికి బస్టాపు కాడ అందుకున్న. "అక్కా, అండ్ల ఏం లేదు. ఉత్త బొగ్గు. నేనే కలిపిన."

"పోయిన ఏటియి?"

"అవి గూడ గంతే."

నా చేతుల దిక్కు చూసింది. "తెలిసే ఇచ్చినవా?" "ఔనక్కా" అన్న. ఆమె నా మణికట్టు పట్టుకున్నది. "నడువు. గిదే మాట మీ సేటు ముంగట చెప్పు."

మేం షెడ్డుకు తిరిగొచ్చేసరికి సేటు వచ్చి కూసున్నడు. ఆయన ముంగట నిలవడి చెప్పిన. ఆయన పుల్లతోని పండ్లు కుట్టుకుంట నవ్విండు. "చేనుకు నష్టమైతే లేదు కదమ్మా. వేరేవి తీస్కపో."

ఆమె ప్యాకెట్ చింపి ఆయన బల్ల మీద గుమ్మరిచ్చింది. "నష్టం లేదంటివి కద. గింత బుక్కు."

సేటు కుర్చీ ఎనుకకు జరిపి మూతికి దస్తీ అడ్డం పెట్టుకున్నడు. రైతు చేతికి ఇచ్చిందాన్ని తన మూతికాడికి రానియ్యడు. ఆయనను చూస్తే రోత పుట్టింది. ఆయన పక్కన అన్ని దినాలు పనిచేసిన నన్ను తలుసుకుంటే ఇంకా రోత పుట్టింది. ఆమె నా దిక్కు చూడకుండనే ఎల్లిపోయింది.

తెల్లారి వ్యవసాయ ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. వాళ్లొచ్చి షెడ్డుకు తాళమేసిండ్రు. రెండు నెలలు తిరగకముందే అదే రోడ్డు పొంట ఇంకో షెడ్డు, ఇంకో పేరు, కవరు మీద కొత్త బొమ్మ. నన్ను పనికి రమ్మని సేటు మనిషిని తోలిండు. గడపల నిలవడి ఆ మనిషి మర్యాదగనే అడిగిండు. రానని చెప్పి తలుపేసుకున్న.