నూకరత్నం చెప్పిన ఉపాయం

దెయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎచ్చెర్లలో పీజీ చదివే రోజుల్లో హాస్టల్ పిల్లలు ఏవేవో చెప్పుకుని వణికిపోతుంటే నేను ముసుగుతన్ని నిద్రపోయేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతానని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

2014 నాటి మాట. నరసన్నపేట దగ్గర మా అత్తవారి ఊళ్లో ఉండేవాళ్లం. మా పాప హాసినికి నాలుగేళ్లు. ఏడ్చినా పరిగెత్తినా దాని పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టు నీలంగా అయిపోయేవి. డాక్టరుకి చూపిద్దామంటే మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. ఎగిరే పక్షి నీడ పడిందని, ఇది పక్షి దోషమని తాయెత్తు కట్టించారు. "అమ్మకి తెలుసులే, పెద్దయితే పోతాది" అనేవారు మావారు. ఆయన మాటంటే నాకు గురి.

ఒక మధ్యాహ్నం పాప పెరట్లో కోడిపిల్ల వెంట పరిగెత్తి, మధ్యలో ఆగి, మోకాళ్లు పొట్టకి నొక్కుకుని గొంతుక్కూర్చుంది. కాసేపటికి పెదాలు మామూలు రంగుకి వచ్చాయి. అలా ఎందుకు కూర్చున్నావని అడిగాను.

"నూకరత్నం సెప్పింది. ఇలా కూకుంటే ఊపిరి వస్తాదట" అంది.

ఏ పక్కింటి పిల్లో అనుకున్నాను. వాకబు చేస్తే ఊళ్లోనే ఆ పేరుతో పిల్ల లేదు. సాయంత్రం అత్తగారు చేటతో బియ్యం చెరుగుతుంటే, నూకరత్నం ఎవరని అడిగాను.

ఆవిడ చేట కింద పెట్టేశారు. పాపని దగ్గరికి లాక్కుని, చాలా నెమ్మదిగా దాన్ని అడిగారు.

"అదింకా ఆయాసపడతన్నాదేటే?"

పాప తలూపింది.

నూకరత్నం మావారి అక్కని అప్పుడు చెప్పారు అత్తగారు. ఇవే నీలం పెదాలు, ఇదే కూర్చోవడం. ఆరేళ్లకే పోయింది. చిన్నపిల్ల పోతే ఆ పేరు మళ్లీ ఎత్తకూడదని ఆ ఇంటి పట్టింపు. ఎత్తితే మరో బిడ్డ మీదకి వస్తుందట. ఒక్క ఫోటో లేదు. అలాంటి పిల్ల ఒకర్తె పుట్టిందని కూడా నాకు తెలియదు.

మావారికి తెలుసు. అక్క ఆయాసం కళ్లారా చూసిన మనిషి. "పేరెత్తొద్దని అమ్మ ఒట్టేయించుకుంది, నేనేటి సేసేది?" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. కడుపు మండిపోయింది.

మర్నాడే పాపని చంకనేసుకుని శ్రీకాకుళం వెళ్లాను. ఎవర్నీ తోడు రమ్మనలేదు. డాక్టరు ఎకో తీసి, పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందని, ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి ఇరుకుగా ఉందని చెప్పారు. ఇంకా ఆలస్యం చేస్తే కష్టమన్నారు. విశాఖలో ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు సైకిల్ మీద స్కూలుకి వెళ్తోంది. నూకరత్నం ఎవరో దానికి గుర్తే లేదు.

ఈ జబ్బున్న పిల్లలు ఎవరూ నేర్పకుండానే అలా కూర్చుంటారని, దానివల్ల ఊపిరితిత్తులకి కాస్త ఎక్కువ రక్తం అందుతుందని ఆ డాక్టరే చెప్పారు. సరే, కూర్చోవడం ఒప్పుకుంటాను. మరి పేరు? ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు నాలుగేళ్ల పిల్ల నోటికి ఎలా వచ్చింది? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

పేరు సంగతైనా వదిలేస్తాను. అన్నీ తెలిసి, రోజూ కూతుర్ని భుజాన ఎత్తుకుని, ఆ నీలం పెదాల్ని ముద్దుపెట్టుకుంటూ ఆయన నాకెందుకు చెప్పలేదో, అది నాకు ఇప్పటికీ అర్థం కాదు.