అమ్మకి పెట్టిన కంచం

నిన్న చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో నా పాత విద్యార్థిని తల్లి పెద్దకర్మకు వెళ్లివచ్చాను. పటం ముందు విస్తరిలో ఆవిడకు ఇష్టమైన చోడి రొట్టె, అదే రాగి రొట్టె, తోటకూర పప్పు చూసేసరికి, విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో నేను వంట పాఠాలు చెప్పిన రోజులు కళ్లముందుకొచ్చాయి.

నూనె తగ్గించి కూర వండడం, ఆకుకూర రంగు పోకముందే దించడం మా పిల్లలు ఇట్టే పట్టేసేవారు గాని, వండినది కూర్చుని, కంచంలోకి చూసుకుంటూ, నమిలి తినమంటే మాత్రం నవ్వేవారు. మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, అందరికీ పెట్టేసి, గిన్నె అడుగున మిగిలింది నిలబడి నాలుగు ముద్దల్లో ముగించడమే ఆడవాళ్ల భోజనం. నాకు ఒళ్లు మండేది. వండినమ్మాయి ముందు తన కంచంలో వడ్డించుకుని, కూర్చుని, మాటల్లేకుండా తినాలని నియమం పెట్టాను.

నియమం పెట్టిన రోజే, నిన్న తల్లి పెద్దకర్మ జరిపిన ఈ అమ్మాయి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేక ఏడ్చింది. "మాయమ్మ కూకుని తినడం నానెప్పుడూ సూడనేదు మేడంగారూ," అంది. వరి ఊడ్పుల్లో తల్లి కళ్లు తిరిగి మడిలో పడిపోయిందని, ఒంట్లో రక్తం లేదన్నారని, అమ్మకేమైనా అవుతుందేమోనని నిద్ర పట్టడం లేదని వెక్కుతూ చెప్పింది. మందులు మానకుండా వేయించు, ఇంట్లో మొదటి కంచం మాత్రం ఆవిడకే పెట్టు అన్నాను.

సెలవులకు వెళ్లొచ్చి చెప్పింది. కంచం చూసి తల్లి, "నాను కూకుంటే ఒడ్డించేదెవులే?" అని కసిరిందట. ఈ పిల్ల రెక్క పట్టుకుని కూర్చోబెట్టి తనే వడ్డిస్తే, తండ్రి లేచి మంచినీళ్ల చెంబు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడట. మొదటి ముద్ద మింగడానికి ఆవిడకు చాలాసేపు పట్టిందట.

ఆనాటి నుంచి పోయేదాకా అమ్మ కూర్చునే తిన్నదని నిన్న ఆ అమ్మాయి నా చేయి పట్టుకుని చెబుతుంటే దుఃఖం ఆగలేదు.

ఇప్పటి పిల్లలు కూర్చునే తింటున్నారు, సంతోషమే. కాని చూపంతా ఫోనులో ఉంటుంది, ఏం తిన్నారని అడిగితే తడుముకుంటారు. వాళ్లను అనడానికి నాకు నోరేది, మా ఆయన పోయినప్పటి నుంచి నేనూ పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోనే కానిచ్చేస్తున్నాను. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, చాలా కాలానికి కంచం తీసి కడుక్కుని, వడ్డించుకుని కూర్చున్నాను. వడ్డించేదెవరన్న ఆవిడ మాట గుర్తొచ్చింది. నాకు నేనే మరో గరిటె వేసుకున్నాను.