అందరూ బాగుందన్నారు

సాయంత్రం పెనం మీద మొదటి జొన్నరొట్టె కాలి, పిండి మాడిన వాసన దుకాణమంతా పరుచుకోగానే నాకు మల్లమ్మ పిన్నిగారు గుర్తొస్తారు. బోయిగూడలో మేం అద్దెకున్న ఇల్లు ఆవిడదే. దాని కింద వీధి వైపున్న ఈ మడిగె, అంటే నా దుకాణం గది, అదీ ఆవిడదే. మాది గోదావరి వైపు. నోరారా పలకరించడం, పిలిచి పెట్టడం, పెట్టినదాన్ని మెచ్చుకోవడం మాకు అలవాటు. ఆవిడకు మాత్రం లోపలొకటి, పైకొకటి ఉండేది కాదు.

మావారి ఉద్యోగం పోయిన ఏడాది, ఉన్న కాస్త బంగారం అమ్మి ఈ మడిగెలో పెసరట్టు ఉప్మా హోటల్ పెడదామనుకున్నాను. అది మునిగితే పిల్లల చదువు ఆగిపోయేదే. అందుకే ముందు మార్కెట్ తెలుసుకోవాలనుకున్నాను. తెలుసుకోవడమంటే నా ఉద్దేశంలో, అట్లు పోసి వీధిలో ఇంటింటికీ పంచి, ఎలా ఉన్నాయని అడగడం. అందరూ అద్భుతమన్నారు. హోటల్ తెరవగానే వస్తామన్నారు. పొంగిపోయి అడ్వాన్స్ ఇవ్వబోతే పిన్నిగారు చెయ్యి చాపలేదు.

"ప్లేట్ల వెట్టి చేతికిచ్చి ఎట్లుందంటే, బాగలేదని ఎవలంటరు బిడ్డా?"

"మడిగె ఖాళీగానే ఉంది కదా పిన్నిగారూ. మీకూ అద్దె వస్తుంది" అన్నాను.

"ఉండనీ. రేపు నువ్వు షట్టర్ దించి ఏడ్సుకుంట పోతే నాకు తక్లీఫ్ గాదా? వాళ్లను అడుగుడు బంద్ జెయ్. ఏం కొంటున్నరో జెర సూడు."

నాకు ఒళ్లు మండింది. అయినా ఇల్లుగలావిడ, ఏం చేస్తాను? పొద్దునా సాయంత్రం గేటు దగ్గర ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అద్భుతమన్నవాళ్లంతా పొద్దున్నే ఇంట్లో తినో, డబ్బా కట్టుకునో నా ముందునుంచే వెళ్లిపోయారు. సాయంత్రం మాత్రం రోజంతా బట్టల షాపుల్లో నిలబడి కాళ్లు లాగుతూ వచ్చే ఆడవాళ్ల చేతుల్లో, షుగర్ ఉన్న పెద్దవాళ్ల చేతుల్లో, కాగితంలో చుట్టిన జొన్నరొట్టెలు కనిపించాయి. వాటికోసం రాంగోపాల్‌పేట్ దాకా వెళ్లొస్తున్నారట. నేనేమో జన్మలో జొన్నరొట్టె తట్టి ఎరగను.

నేర్చుకున్నాను. మొదటిది పిన్నిగారికే పెట్టాను. "గట్టిగున్నది. గిది ఎవలు తింటరు?" అని పక్కకు తోసేశారు. మెత్తగా వచ్చేదాకా రోజూ అలాగే తోసేసి, వచ్చాక రొట్టె మొత్తం తిని మడిగె తాళంచెవి ఇచ్చారు. దుకాణం నిలబడింది, పిల్లల చదువూ ఆగలేదు. ఇప్పటికీ కొత్త కూర ఏదైనా పెడితే ఎలా ఉందని ఎవర్నీ అడగను. మర్నాడు మళ్లీ కొంటారా లేదా అని చూస్తాను.

ఆవిడ మంచాన పడ్డాక రోజూ నేనే అన్నం తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు పప్పుచారు కలిపి పెట్టి, పనిమీద వాకిట్లోకి వెళ్లొచ్చి, ఉండబట్టలేక "ఎలా ఉంది పిన్నిగారూ?" అని అడిగాను. "మస్తున్నది బిడ్డా" అన్నారు. ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. సంబరంగా కంచం తీయబోయి చూస్తే, ఒక్క మెతుకు ముట్టలేదు. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. నన్ను నొప్పించకూడదని ఆవిడ ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. ఈ వీధివాళ్ల మెచ్చుకోళ్లన్నీ మర్చిపోయాను గాని, దాన్ని మాత్రం దాచుకున్నాను.