పాత చర్చి బొమ్మ, మసకబారిన కిటికీలు

2018లో వానలు మొదలైన రోజుల సంగతి ఇది. బెంగాలీల మధ్య ఉన్న మా రైల్వే ఊళ్ళో, ఖరిదా బజారులో మాది పేరుకి స్టేషనరీ షాపే గానీ, వచ్చేవాళ్ళలో సగంమంది మోడల్స్ చేసుకునేవాళ్ళు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టుల కోసం ప్లాస్టిక్ షీట్లు కొంటారు. రైల్వేలో రిటైరైనవాళ్ళు కిట్లు తెప్పించుకుని ఇంజన్లు, బోగీలు, విమానాలు అతికించుకుంటూ మధ్యాహ్నాలు గడుపుతారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం చేస్తూనే ఈ కొట్టు పెట్టాడు. ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను. బెంగాలీలు ఆఠా అంటారు, హిందీవాళ్ళు గోంద్ అంటారు, మనవాళ్ళు గమ్ము అంటారు. ఎవరు ఏ పేరు పెట్టినా అడిగేది ఒకటే: "దీదీ, దీనికి ఏది వాడాలి?"

దేన్ని దేనికి అతికిస్తున్నారని నేను తిరిగి అడుగుతాను. మోడల్ కిట్లలో వచ్చే గట్టి ప్లాస్టిక్‌ని పాలీస్టైరీన్ అంటారు. దానికి ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి. పేరుకి సిమెంటే గానీ నీళ్ళలా పల్చగా ఉంటుంది. రెండు ముక్కల అంచుల్నీ కొంచెం కరిగించి ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది. ఆరిన తర్వాత అవి రెండు కావు, ఒకటే ముక్క. చెయ్యి జారి ఎక్కువ పడితే చిన్న బొమ్మల ముక్కూ మొహం కూడా కరిగిపోతాయి. సూపర్ గ్లూ పద్ధతి వేరు. అది గాలిలోని తేమ తగిలి గట్టిపడుతుంది, దేన్నైనా క్షణంలో పట్టేస్తుంది. నున్నటి అద్దంలాంటి ప్లాస్టిక్ దగ్గర మాత్రం దాన్ని వాడకూడదు.

దేవదానం పెదనాన్న మా నాన్నతో కలిసి క్యారేజీ ఫిట్టరుగా పనిచేసినవాడు. మాకు చుట్టం కాదు, చిన్నప్పటినుంచి ఆ పిలుపు అలవాటు. ఆయన తమ్ముడు ఏసుపాదం బాబాయ్ అదే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను. ఇద్దరూ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, రిటైరయ్యాక ఝపటాపూర్‌లో పక్క పక్క సందుల్లో ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ తాతల తరంలో కోస్తా నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు కలిసి కట్టుకున్న చిన్న చర్చి ఒకటుండేది. పైకప్పు కారుతోంది, గోడలు బీటలిచ్చాయి. అంతకు ముందు ఏడాది, బాగుచేసుకుందామని పెదనాన్న, పడగొట్టి కొత్తది కట్టుకుందామని కమిటీ. ఆ కమిటీలో ఏసుపాదం బాబాయ్ కూడా ఉన్నాడు. మీటింగులో అన్న చూస్తూండగానే పడగొట్టాలని ఓటేస్తూ చెయ్యెత్తాడు. ఆ రోజు ఇద్దరూ వేరువేరుగా ఇంటికి నడిచారు. తర్వాత మాటల్లేవు.

కొన్నాళ్ళకి పెదనాన్న మా షాపుకి వచ్చాడు.

"లలితా, గుడి ఎలాగూ ఉండదు. పోయేలోపల దాని బొమ్మ సేసి పెడతాను. తెల్ల షీటు ఏది మంచిదో సూపించు."

టేపుతో గోడలు, తలుపులు, గంట గూడు అన్నీ కొలుచుకుని వచ్చాడు. ఫిట్టరు చెయ్యి కదా, కోత ఎక్కడా వంకర పోలేదు. సిమెంటుని సన్న బ్రష్షుతో అతుకు దగ్గర తాకిస్తే చాలని, అదే లోపలికి పాకుతుందని చూపించాను. ఒక్కసారికే పట్టుకున్నాడు. రైలు మోడల్స్‌కి దొరికే కూర్చున్న మనుషుల బొమ్మలు కొనుక్కెళ్ళి, చేతులు కోసి, తిప్పి అతికించి, దణ్ణం పెట్టుకునేవాళ్ళుగా మార్చాడు. వాళ్ళమ్మని ముందు బల్ల మీద తెల్ల చీరలో కూర్చోబెట్టాడు. గంట గూటి కింద తాడు పట్టుకున్న ఓ కుర్రాడిని నిలబెట్టాడు.

"ఇతనెవరు పెదనాన్నా?" అన్నాను.

"గంటుంటే కొట్టడానికి ఓ మనిషుండాల గదా," అని మాట మార్చేశాడు.

కిటికీల దగ్గర పని ఆగింది. అద్దాల కోసం కోసిన పారదర్శకమైన షీటు వేరే జాతి ప్లాస్టిక్, సిమెంటు దాన్ని పట్టదు. తెల్ల జిగురు వాడమన్నాను. బడిపిల్లలు కాగితాలకి రాసేదే. పాలలా ఉంటుంది, ఆరితే కనబడదు. పట్టు తక్కువ, తేమకి మెత్తబడవచ్చు, కానీ ఊడితే మళ్ళీ పెట్టుకోవచ్చు.

"సూపర్ గ్లూ ఐతే ఊడదు గదా?"

"ఊడదు. కానీ అద్దం మీద తెల్ల మచ్చ పడుతుంది. కిటికీలకి వద్దు."

ఆయన విన్నాడు. పాత చర్చి కూల్చిన తర్వాత, 2018లో వానలు మొదలవుతూండగా కొత్తది తెరిచిన రోజున ఆ బొమ్మని గుమ్మం పక్కన గాజు పెట్టెలో పెట్టారు. దుమ్ము లోపలికి పోకుండా పెట్టె అంచులకి రబ్బరు బీడింగు కూడా వేశారు. మా కుటుంబం చర్చికి వెళ్ళేది కాదు గానీ, ఆ రోజు నన్ను పిలిచారు. ముసలివాళ్ళు వంగి కిటికీల్లోంచి లోపలికి చూస్తూ, తమ తమ బల్లలు వెతుక్కున్నారు. ఒకావిడ "మా ఆయన ఇక్కడే కూకునేవోడు" అని గాజు మీద వేలు పెట్టి నిలబడిపోయింది. ఏసుపాదం బాబాయ్ అందరూ వెళ్ళాక వచ్చి చాలాసేపు చూశాడు. పెదనాన్న అప్పటికే వెళ్ళిపోయాడు.

వానలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున్న ఆరాధనకి వచ్చినవాళ్ళు చూసేసరికి బొమ్మ కిటికీలన్నీ తెల్లబడి ఉన్నాయి. పొరలు కమ్మిన కళ్ళలా. లోపల మనుషులు కనబడటం లేదు. ముందు రోజు పెట్టె తాళం ఎవరు తీసుకున్నారని అడిగితే, ఏసుపాదం అని చెప్పాడు తాళాలు చూసుకునే ఆయన. పాస్టరుగారి భార్య మర్నాడు మా షాపుకి చార్టులు కొనడానికి వచ్చి, జరిగింది చెప్పింది. ఆరాధన అయ్యి జనం బయటికి వస్తుండగా పెదనాన్న తమ్ముడిని ఆపి అన్నాడట:

"గుడి పడగొట్టినావు. సాల్లేదా? ఈ బొమ్మ నిన్నేటి సేసింది?"

"ఒక అద్దం ఊడిపోతే అతికించినాను అన్నా. ఒకటే."

"ఒకటే అతికిస్తే అన్నీ ఎలా తెల్లబడతాయి? ఎవుడికి సెప్తావు?"

బాబాయ్ తన భార్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడట.

నేను ఆ సాయంత్రమే వెళ్ళి చూశాను. చూడగానే తెలిసింది. ఒక కిటికీ చట్రం దగ్గర మాత్రమే గట్టిపడిన సూపర్ గ్లూ బొట్టు ఉంది. మిగతావాటిని ఎవరూ ముట్టుకోలేదు. సూపర్ గ్లూ ఆరుతున్నప్పుడు దాని ఆవిరి లేచి, దగ్గర్లో ఉన్న నున్నటి వాటి మీద తెల్లటి నుసిలా దిగుతుంది. దాన్ని ఫ్రాస్టింగ్ అంటారు. గాలి ఆడే చోట తక్కువ. మూసిన పెట్టెలో, అందులోనూ వానాకాలం తేమలో, ఒక్క చుక్క చాలు.

ఈ సంగతి చెబుదామని పెదనాన్న ఇంటికి వెళ్ళాను. వీధి గుమ్మంలోనే నిలబడి విన్నాడు. సగంలో ఆపేశాడు.

"గమ్ము సంగతి నీకు తెలుసమ్మా. ఆడి సంగతి నాకు తెలుసు. కాఫీ తాగుతావా?"

తాగలేదు. వచ్చేశాను.

కొద్దిరోజుల తర్వాత ఏసుపాదం బాబాయ్ షాపుకి వచ్చాడు. జేబులోంచి వాడేసిన చిన్న ట్యూబు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇది పాన్ దుకాణంలో కొన్నాను. ఇది రాస్తే మిగతా కిటికీలు పాడవుతాయా లలితా? నిజం సెప్పు."

అవుతాయని, ఎందుకవుతాయో చెప్పాను. ఆయన తలూపాడు. స్టూలు వేస్తే కూర్చున్నాడు.

"వైర్లు, ఫ్యూజులు తప్ప నాకు ఈ పని తెలీదు. ఊడిపోయిన అద్దం పెట్టెలో కింద పడుంది. అన్న సూస్తే బాధపడతాడని నేనే పెట్టేద్దామనుకున్నాను." ట్యూబుని వేలితో దొర్లిస్తూ అన్నాడు: "గంట దగ్గర కుర్రోడున్నాడు గదా, ఆడు నేనే. సిన్నప్పుడు గంట కొట్టేది నేనే. నన్ను పెట్టినాడు గదా, ఇంక కోపం పోయిందేమో అనుకున్నాను."

నేను ఆ ట్యూబు తీసి పక్కన పెట్టాను.

"బాగవుతాదా?" అన్నాడు లేస్తూ.

"కిటికీలు తెల్ల జిగురుతో పెట్టినవి బాబాయ్. తడి దూదితో నానబెడితే ఊడి వస్తాయి. కొత్తవి కోసి పెట్టొచ్చు."

"ఐతే నువ్వో అన్నో సెయ్యండి. నేను ముట్టుకోను."

బొమ్మ మీద గుడ్డ కప్పి ఉంచారు. దుర్గాపూజ దాటింది, చలి మొదలైంది. పెదనాన్న ఎవరితోనూ ఆ ఊసెత్తలేదని విన్నాను. నవంబరులో కాబోలు, కిటికీలు మార్చడానికి షీటు కొనడానికి వచ్చాడు. షీటు ఇస్తూ, రేపు ఒకసారి రమ్మన్నాను. ఆయన వెళ్ళాక ఆ షీటులోంచే మిగిలిన రెండు ముక్కలు తీసుకున్నాను. ఒకదాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, పక్కన అట్టముక్క మీద ఒక్క చుక్క సూపర్ గ్లూ వేసి, కొంచెం తడిపిన దూది కూడా పెట్టి మూత బిగించాను. రెండో ముక్కని ఊరికే బల్ల మీద వదిలేశాను.

మర్నాడు పెదనాన్న చేతే మూత తీయించాను. లోపలి ముక్క పాలపొడి చల్లినట్టుంది. ఆయన దాన్నీ, బల్ల మీది ముక్కనీ పక్కపక్కన వెలుతురుకి ఎత్తి చూశాడు. చుక్క వేసిన అట్టముక్కని చూశాడు. డబ్బాలో రెండింటికీ మధ్య బెత్తెడు దూరం ఉంది.

"ఇది దానికి తగల్లేదు గదా," అన్నాడు.

"తగల్లేదు. దాని ఆవిరే."

"ఒక్క సుక్కకి ఇంతా?"

"ఒక్క చుక్కకే పెదనాన్నా."

ముక్కని మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేశాడు. తర్వాత, "నువ్వు కూడా రామ్మా," అన్నాడు. షాపు షట్టరు సగం దించి, రిక్షాలో ఇద్దరం ఝపటాపూర్ వెళ్ళాం. ఆ డబ్బా ఆయన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఏసుపాదం బాబాయ్ వరండాలో టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. అన్నని చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. పెదనాన్న కూర్చోలేదు.

"ఏసూ, ఒక్క సుక్కకే పెట్టంతా తెల్లబడిపోతాదంట. లలిత సేసి సూపించింది. నేను తప్పుగా అనుకున్నాను. అందరి ముందరా అన్నాను."

బాబాయ్ డబ్బా వంక చూశాడు గానీ అందుకోలేదు.

"లలిత సూపించకపోతే?" అన్నాడు.

పెదనాన్న డబ్బాని కుర్చీలో పెట్టాడు.

"ఆ రోజు నేను సెప్పినాను గదా అన్నా, ఒకటే అతికించినానని. నా నోటితో సెప్తే నమ్మలేదు. డబ్బా సెప్తే నమ్మినావు." గొంతు పెంచలేదు. కోపంగా కూడా లేడు. "కొత్త గుడి కావాలని సెయ్యెత్తినాను, నిజమే. కప్పు కారి పిల్లల మీద పడతాదని ఎత్తినాను. అంతమాత్రాన నేను అలాటోణ్ణి అనుకున్నావు."

పిన్ని టీ తెచ్చింది. తాగాం. చలి గురించి, ఫ్యాను బేరింగు గురించి మాట్లాడుకున్నారు. లేచి వచ్చేటప్పుడు బాబాయ్ గేటు దాటి సందు చివరిదాకా వచ్చి అన్నని సాగనంపాడు కూడా. చూసేవాళ్ళకి అన్నదమ్ములు కలిసిపోయారనే అనిపిస్తుంది. దారిలో నాకూ అలాగే అనిపించి, బాగా జరిగిందనుకున్నాను.

కిటికీలు పెదనాన్నా నేనూ మార్చాం. తడి దూదితో పాతవి ఊడి వచ్చాయి. లోపలి మనుషుల మీద కూడా తెల్లటి పొర పడింది. కిటికీల్లోంచి బ్రష్షు అందినంత వరకూ తుడిచాం. వెనక బల్లల మీదున్నవాళ్ళు అలాగే ఉండిపోయారు. పైకప్పు తీద్దామంటే అది సిమెంటు పెట్టి అతికించినది, పగలగొడితే తప్ప రాదు. సాయం చెయ్యడానికి బాబాయ్‌ని పిలుద్దామని ఒకసారి అన్నాను. పిలిస్తే వస్తాడు గానీ వద్దులే అన్నాడు పెదనాన్న.

ఈ అనుభవం తర్వాత నేను సూపర్ గ్లూ అమ్మేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నాను. అతికించాక ఆ వస్తువుని ఎక్కడ పెడతారు? అద్దాల పెట్టెలో ఐతే, ఒకటి రెండు రోజులు బయట గాలికి ఆరనిచ్చాకే లోపల పెట్టమని చెబుతాను. పని వరకూ నేర్చుకున్నది అదే. మనుషుల విషయంలో నేర్చుకున్నది చెప్పడం కష్టం. జరిగింది ఎలా జరిగిందో రుజువు చేస్తే చాలు, తగువు తీరిపోతుందని నేను గట్టిగా నమ్మాను. రుజువు బాగానే చేశాను. కానీ బాబాయ్‌కి కావలసింది అది కాదు. అది లేకుండానే అన్న తనని నమ్మి ఉండాల్సింది. ఆ అవకాశం ఆ ఆదివారం పొద్దున్నే అయిపోయింది. తర్వాత ఎవరు ఏం చూపించినా అది తిరిగి రాలేదు.

మొన్నామధ్య పెదనాన్న షాపుకి వచ్చాడు. ఏసుపాదం బాబాయ్ ఎలా ఉన్నాడని అడిగాను.

"బాగున్నాడమ్మా. కనబడితే మాటాడుకుంటాం. ఏటి అడిగినా సెప్తాడు," అన్నాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అడక్కుండా మాత్రం ఏటీ సెప్పడు. గుడి తగువుకి మునుపు రోజూ సాయంత్రం వచ్చి ఊళ్ళో కబుర్లన్నీ సెప్పేవోడు."