సుగుణ సిస్టర్ పెంచిన ఉడుత

1983లో నేను రాయపూర్‌లోని ఒక పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. కాంపౌండర్ అంటే మందులు కలిపేవాడని పేరే గానీ, మా దగ్గర ఆ పనికి హద్దు లేదు. డాక్టరు గారు సూది వేస్తుంటే ఎద్దు కొమ్ములు పట్టుకోవాలి. పుండ్లు కడిగి కట్టు కట్టాలి. గేదెకి గొట్టంతో మందు పట్టాలి. దూడ చచ్చిపోతే దాని యజమానిని బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వాలి. ఆవులు, మేకలు, పెద్ద ఆఫీసర్ల కుక్కలు, అప్పుడప్పుడూ ఒక చిలుక. మా రోజులన్నీ వీటితోనే గడిచేవి.

ఉడుతలు మాత్రం ఏడాదికి ఒక్కసారే వచ్చేవి. ఇక్కడ నాటు పెంకుటిళ్ళు ఎక్కువ. వానలు పడకముందే కప్పు ఎక్కి పెంకులన్నీ తీసి, దులిపి, విరిగినవి మార్చి మళ్ళీ పేర్చుకుంటారు. ఆ పెంకుల కింద కొబ్బరి పీచు, దూది, గుడ్డ పీలికలు పోగుచేసి ఉడుతలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. పెంకు లేపగానే పిల్లలు కింద పడతాయి. చూపుడువేలంత పొడవు, ఇంకా కళ్ళు తెరవనివి. జాలిగల వాళ్ళు వాటిని చేటలోనో చేతిరుమాలులోనో పెట్టుకుని మా దగ్గరికి తెచ్చేవారు. చాలావరకు సాయంత్రానికి పోయేవి. డ్రాపర్‌తో పాలు పోసేటప్పుడు ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోవడం మొదటి కారణం. దాన్ని మా వాళ్ళు యాస్పిరేషన్ అనేవారు.

సుగుణ సిస్టర్ తెచ్చిన ఉడుత అలాంటిది కాదు. అది డిసెంబరులో వచ్చింది, అప్పటికే పెద్దది.

ఆవిడ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సు. భీమవరం వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మా తెలుగు చర్చి సంఘంలోనే సభ్యురాలు. ఆదివారం మధ్యాహ్నం ఆరాధనకి డ్యూటీ నుంచి నేరుగా తెల్ల యూనిఫాంతోనే వచ్చేది. ఆ యూనిఫాం జేబులో ఉడుత ఉంటుందని సంఘమంతటికీ తెలుసు. ప్రసంగం మధ్యలో జేబులోంచి తల బయటపెట్టి చూసేది. ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

"పెళ్ళి చేసుకోవే అంటే ఉడుతని తెచ్చుకుందమ్మా" అనేది మా సంఘంలో పెద్దావిడ రాహేలమ్మ గారు.

"మీ ఆయనలాగా ఇది కూర బాగాలేదని కంచం తొయ్యదులెండి అత్తయ్య గారూ" అని సిస్టర్ జవాబు.

ఆ డిసెంబరు రోజున ఆవిడ నవ్వలేదు. ఉన్ని టోపీలో ఉడుతని పడుకోబెట్టుకుని తెచ్చింది. దాని వెనక కాళ్ళు రెండూ చచ్చుబడి ఉన్నాయి. ముందు కాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకుంటూ ఆవిడ చెయ్యి ఎక్కాలని చూస్తోంది.

"అన్నయ్య గారూ, మన్నా నడవట్లేదండీ."

"మన్నానా?"

"నాకు దొరికిన రోజున, బైబిల్లో ఆకాశం నుంచి రాలిన మన్నాలాగే పైనుంచి పడింది కదండీ, పొద్దున్నే, గుమ్మం ముందు. అందుకే ఆ పేరు పెట్టుకున్నాను."

అప్పట్లో మా డాక్టరు శుక్లా గారు. ఉత్తరాది మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. ఉడుతని అరచేతిలో తిప్పి చూసి, దవడ తడిమి, తోక మొదలు నొక్కి అడిగారు.

"క్యా ఖిలాతీ హై, సిస్టర్?"

ఆవిడ గొప్పగా చెప్పింది. పాలలో నానబెట్టిన బ్రెడ్డు, బిస్కెట్లు, వేయించిన పల్లీలు, ఆదివారం కేకు ముక్క. పిల్లుల భయానికి జేబులో పెట్టుకుని తప్ప గదిలోంచి బయటికి తీసుకురాదు. కిటికీకి కర్టెన్ కూడా కుట్టించింది.

డాక్టరు గారు తల ఊపి నాతో మెటబాలిక్ బోన్ డిసీజ్ అన్నారు. ఎముకలకు కాల్షియం అందక, ఎండ తగలక, అవి మెత్తబడి పోవడం. పిల్లల్లో దొడ్డికాళ్ళు వచ్చే జబ్బు లాంటిదే. చెట్టు మీద ఉడుత చిగుళ్ళు, బెరడు, పురుగులు, గింజలు, దొరికినదల్లా కొరుకుతుంది. రోజంతా ఎండలో తిరుగుతుంది. మన్నాకి బిస్కెట్టు దొరికింది గానీ ఎండ దొరకలేదు.

సిస్టర్ ముఖం పాలిపోయింది. "ఇంత ప్రేమగా పెంచానే" అంది, అంతే.

మేము కాల్షియం సిరప్ చుక్కలు, గుడ్డు పెంకుల పొడి, ఆకుకూరలు, పొద్దుటి ఎండ రాసి ఇచ్చాం. పళ్ళు అరగడానికి జామ కొమ్మ పెట్టమన్నాం. ఆవిడ నర్సు కదా, ఒక్క పూట తప్పకుండా చేసింది. నేనూ మా ఆవిడా ఇంట్లో ప్రార్థనలో ఆ ఉడుత పేరు కూడా చేర్చాం. ఉడుత కోసం ప్రార్థనేమిటని నవ్వేవాళ్ళకి నేనప్పుడూ ఇప్పుడూ ఒకటే చెబుతాను. సృష్టించినవాడికి అది చిన్నది కాదు.

ఫిబ్రవరి చివర మన్నా మళ్ళీ పరిగెత్తింది. మా టేబుల్ మీద ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తి, శుక్లా గారి స్టెతస్కోపు ఎక్కి కూర్చుంది. "ఉతర్, బద్మాష్" అని ఆయన కసిరారు గానీ దింపలేదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పుకునే వేళ, సుగుణ సిస్టర్ లేచి నిలబడింది. ఉడుత పడిపోయి ఉన్న రోజుల్లో దేవుడి ముందు ఒక మొక్కుబడి చేసుకున్నానంది. అది మళ్ళీ నడిస్తే దాన్ని తన దగ్గర ఉంచుకోదు. పునరుత్థాన పండుగ, అంటే ఈస్టర్ ఉదయాన, సంఘం కళ్ళముందు, చర్చి ఆవరణలోని చింతచెట్టు మీదికి స్వేచ్ఛగా వదిలేస్తుంది. తనకి ప్రాణమైనదాన్ని ప్రాణమిచ్చినవాడికే ఇచ్చేస్తుంది. సంఘమంతా స్తోత్రం అంది. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, కళ్ళు తుడుచుకున్నారు. నేనూ స్తోత్రం అన్నాను.

మర్నాడు ఈ సంగతి శుక్లా గారితో చెబితే ఆయన చేతిలో సిరంజి కింద పెట్టేశారు. ఇంప్రింటింగ్ అంటే ఏమిటో ఆ రోజు నాకు చెప్పారు. కళ్ళు తెరిచినప్పుడు ఎవరిని చూసిందో వాళ్ళనే తల్లి అనుకోవడం అది. అలా పెరిగిన ఉడుతకి తను ఉడుతనని తెలియదు. పిల్లి భయం తెలియదు, కాకి భయం తెలియదు. ఒక చెట్టు మీద ఉన్న ఉడుతలు పరాయి ఉడుతని రానివ్వవని అసలు తెలియదు. వదలాలంటే ముందు పంజరం చెట్టుకి కట్టి అక్కడే మేపాలి. తర్వాత తలుపు తెరిచి పెట్టాలి. అది వెళ్ళి, వచ్చి, వెళ్ళి, ఒక రోజు దానంతట అదే రావడం మానెయ్యాలి. దానికి నెలలు పడుతుంది.

నేను ఆ సాయంత్రమే సిస్టర్ గదికి వెళ్ళి ఇదంతా చెప్పాను.

"పండుగ రోజు అని నోటితో అన్నానండీ."

"దేవుడు క్యాలెండర్ పట్టుకుని కూర్చుంటాడా సిస్టరమ్మా? వదలడం ముఖ్యం. వానలు అయ్యాక వదులుదాం."

"మొక్కుకున్నది ఆలస్యం చెయ్యకూడదని సండే స్కూల్లో పిల్లలకి చెప్పేది మీరే కదండీ."

నేను చెప్పేదే. ఇప్పటికీ నమ్మేదే. ఆవిడ నన్ను ఎత్తిపొడవలేదు, నిజంగా అడిగింది. మనదైనది మనం మొక్కుకోవచ్చు గానీ, దాని భయం, దాని ఆకలి, దాని చావు మనవి కావు కదా అన్నాను. ఆవిడ ఉడుతని చెంపకి ఆనించుకుంది.

"వదలకుండా ఉండటానికి నాకే సాకు కావాలండీ. అందుకే మీ మాట వినాలంటే భయంగా ఉంది."

అయ్యగారితో కూడా మాట్లాడాను. ఆయన మంచి మనిషి. "పోనీ పంజరం ఇప్పుడే చెట్టుకి కట్టించు" అన్నారు. కట్టాం. కొన్ని మధ్యాహ్నాలు సిస్టర్ దాన్ని అక్కడ ఉంచింది. చెట్టు మీది ఉడుతలు పంజరం చుట్టూ తిరిగి తోకలు కొట్టుకుంటూ అరిచేవి. మన్నా మూలకి ముడుచుకుని ఆవిడ కోసం చూసేది. ఒకరోజు ఆవిడ ఇక చూడలేక పంజరం విప్పుకుని ఇంటికి తీసుకుపోయింది. "ఉన్న నాలుగు రోజులైనా నా దగ్గర పడుకోనివ్వండి" అంది.

పండుగ ఉదయం చీకటి విడుతుండగానే ఆరాధన ముగిసింది. ఆ రోజున మా సంఘంలో ఆడవాళ్ళందరూ తెల్ల చీరలే కడతారు. కోస్తా నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడికి వచ్చి ఇన్నేళ్ళయినా మానలేదు. రాహేలమ్మ గారి దగ్గర్నుంచి నిన్నగాక మొన్న పెళ్ళైన పిల్ల వరకు అందరూ తెలుపే. చింతచెట్టు కింద చేరి పాట ఎత్తుకున్నారు. అయ్యగారు ప్రార్థన చేశారు. సుగుణ సిస్టర్, ఆవిడా తెల్ల చీరలోనే, రెండు చేతులూ ఎత్తి మన్నాని కొమ్మ మీద పెట్టింది.

అది ఎక్కింది. చకచకా ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. సిస్టర్ ఏడుస్తూ నవ్వింది.

అంతలో పైన అరుపులు మొదలయ్యాయి. రెండు ఉడుతలు మన్నాని తరుముకొచ్చాయి. అది కొమ్మ మీంచి కొమ్మకి దూకి, బెరడు మీద జారి, చెట్టు దిగి నేల మీదికి వచ్చేసింది. ఆవిడ కోసం వచ్చింది. దానికి తెలిసిన ఆవిడ ఒక తెల్లటి గుడ్డ, అందులో ఒక జేబు. అక్కడ చూస్తే చెట్టు చుట్టూ అన్నీ తెల్లటి గుడ్డలే. ఒక చీర ఎక్కింది, దిగింది. ఇంకో చీర ఎక్కింది. పిల్లలు కేకలు పెట్టారు. సిస్టర్ "ఇక్కడ, ఇక్కడున్నానురా" అంటూ జనంలోంచి తోసుకుని వస్తోంది. కొత్త పెళ్ళికూతురు ఒళ్ళు జలదరించి కొంగు గట్టిగా విదిలించింది. మన్నా చర్చి మెట్టు రాయికి తగిలింది.

నేను చేతిలోకి తీసుకునేసరికే నడుము విరిగిందని తెలిసింది. ఇంక చేసేది లేదని సిస్టర్‌కి చెప్పనక్కరలేదు. అలాంటివి ఆవిడ నాకంటే ఎక్కువ చూసింది. చేతులు చాచింది, ఇచ్చాను. ఆ పెళ్ళికూతురు బావురుమంటూ వచ్చి కాళ్ళ మీద పడబోతే ఆవిడే లేవదీసింది.

"నీ తప్పేం లేదమ్మా. అందరం ఒకేలా ఉన్నాం. పాపం దానికేం తెలుస్తుంది."

కాసేపటికి మన్నా ఊపిరి ఆగిపోయింది. పాట మళ్ళీ ఎవరూ ఎత్తుకోలేదు. అందరూ చెప్పులు వేసుకుని నెమ్మదిగా ఇళ్ళకి వెళ్ళిపోయారు.

శుక్లా గారు ఈ సంగతి విన్నాక ఒక మాట చెప్పారు. అడవి శాఖలో పనిచేసే తన బావమరిది చెప్పాడట. గూటి నుంచి పడిన ఉడుతపిల్లకి దెబ్బ తగలకపోతే దాన్ని పెంచకూడదు. బుట్టలో పెట్టి అదే చూరుకి వేలాడదీసి మనుషులు లోపలికి వెళ్ళిపోవాలి. తల్లి వచ్చి మెడ పట్టుకుని మోసుకుపోతుంది. ఈసారి పెంకులు తిప్పే రోజుల్లో వచ్చినవాళ్ళకి అలాగే చెప్పమన్నారు.

జూన్‌లో అభన్‌పూర్ నుంచి ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ బుట్టలో ఉడుతపిల్లని తెచ్చింది. మందు ఇవ్వలేదు, బుట్ట వేలాడదీయమని తిప్పి పంపాను. పనికిమాలిన ఆసుపత్రి అని తిట్టుకుంటూ వెళ్ళింది. మర్నాడు ఖాళీ బుట్టతో మళ్ళీ వచ్చింది.

"లే గిస్ బాబూ! ఓకర్ మహతారీ లే గిస్!"

దాని తల్లి తీసుకుపోయిందని. మేము అన్నం తినడానికి లోపలికి వెళ్ళామో లేదో వచ్చేసింది, ఇప్పుడు మా పాప ఉడుత కావాలని ఏడుస్తోంది, దానికి మందివ్వు అని నవ్వింది.

నాకు ఎంత సంతోషం కలిగిందంటే, డ్యూటీ దిగగానే సుగుణ సిస్టర్ దగ్గరికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాను. మన్నా పోయింది గానీ, దానివల్ల ఒక పిల్ల బతికిందని చెప్పాలనుకున్నాను. ఆ మాట ఆవిడకి ఓదార్పు అవుతుందనుకున్నాను. వార్డు వరండాలో నిలబెట్టి అంతా చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా విన్నది. చేతిలో ఉన్న థర్మామీటర్‌ని దులుపుతూ ఉండిపోయింది.

"తల్లి అరిచిందంటా అన్నయ్య గారూ?"

"అరిచే ఉంటుంది. ఎందుకండీ?"

"మా కప్పు మీద కూడా ఒకటి అరిచేదండీ. మన్నా దొరికిన రోజు, మర్నాడు. గుమ్మం దాకా దిగి వచ్చేది. ఆ అరుపుకి పిల్లులు వస్తాయని చీపురుకట్టతో తరిమాను. పిల్లని కాపాడుతున్నాననుకున్నాను."

వార్డులోంచి ఎవరో సిస్టర్ అని పిలిచారు, ఆవిడ వెళ్ళింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. పెంకులు తిప్పే రోజుల్లో వచ్చినవాళ్ళందరికీ బుట్ట వేలాడదీయమనే చెప్పాను. కొందరు విన్నారు, ఎక్కువమంది వినలేదు. జాలిగల వాళ్ళకి మందు రాసివ్వడం తేలిక, తలుపు వేసుకుని లోపల కూర్చోమని చెప్పడం కష్టం. కనికరం మన చేతులతోనే మొదలవుతుందని నేనూ అనుకునేవాణ్ణి. మనం చెయ్యి చాచకముందే దేవుడు ఆ పిల్ల కోసం ఒకరిని కప్పు మీదికి పంపాడని, మనం ఆ అరుపు విని కూడా గుర్తుపట్టలేదని, సుగుణ సిస్టర్ చెప్పేదాకా నాకు తెలియదు.