కనీలీ వాళ్ళ గోడ

ఐర్లాండు పడమటి ఒడ్డున, దారి ఆగిపోయేచోట నోరీన్ మన్నియన్ ఇల్లు. దాని తర్వాత ఇసుక, ఇసుక అవతల దీవి. ఆటు వేళ జనం నడిచే వెళ్ళొస్తారు. పోటు తిరిగిందంటే అదే ఇసుక మీద పడవలు తేలతాయి. దీవిలోని పాత చర్చి, పూర్వీకుల సమాధులు చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్ళకి దారి చెప్పడం నోరీన్ పెళ్ళై వచ్చినప్పటినుంచీ చేస్తున్న పని. ఎవరూ ఆవిడకి అప్పజెప్పలేదు. గుమ్మంలోకొచ్చిన మనిషికి గుక్కెడు టీ ఇవ్వకుండా, క్షేమంగా వెళ్ళిరమ్మని దేవుడికి చెప్పకుండా పంపడం ఆవిడ వల్ల కాదు.

ఆ రోజు వచ్చినావిడ పేరు ఆడ్రీ. ఆస్ట్రేలియానుంచి ఒంటరిగా వచ్చింది.

"మా తాతగారు కనీలీ వాళ్ళండీ. ఈ దీవిలోనే పుట్టారట."

"ఇంకేం తల్లీ! మీ తాత ఇల్లే నీకు దారి చూపిస్తుంది. పాడుబడ్డ ఆ ఇంటికి మిగిలిన నిలువు గోడ మీద చూపు పెట్టి తిన్నగా నడు. ఎడమకి మాత్రం పోకు, ఊబి."

ఎప్పుడూ ఒడ్డుదాకా వెళ్ళి వేలుపెట్టి చూపించేది. ఆ రోజు మోకాలు సలుపుతోంది, పొయ్యిలో రొట్టె ఉంది. గుమ్మంలోంచే చెప్పి పంపేసింది.

రొట్టె తీసి, చల్లారడానికి కిటికీలో పెడుతూ దీవివైపు చూసింది. గోడ లేదు. చలికాలం తుఫానుకే కూలిపోయింది. కూలిన మర్నాడు తనే శిలువ గుర్తు వేసుకుని ఏడ్చింది కూడా. కళ్ళకి తెలిసిన సంగతి నోటికి తెలియలేదు.

ఇప్పుడక్కడ కనబడే గోడల్లా ఎడమ కొసన ఎవరో కొత్తగా కట్టుకున్న తెల్లమేడది. ఆడ్రీ ఎర్రకోటు దానివైపే వెళ్ళి, దారి మధ్యలో ఆగిపోయింది. కదలడం లేదు. ఇసుక మధ్య కాలవలో నీళ్ళు అప్పుడే ఎగువకి తిరిగాయి, పోటు మొదలైంది.

"ఒరేయ్ కోల్మన్! ట్రాక్టరు తియ్యరా!"

పక్క చేలో గొర్రెల దగ్గరున్న కోల్మన్ నవ్వాడు. "ఏమక్కా, పోపుగారు గానీ వస్తున్నారా?"

"లేని గోడ చూపించి మనిషిని ఊబిలోకి పంపాన్రా!"

అతని నవ్వు ఆరిపోయింది. చేను గేటు ఊడబెరికి ట్రాక్టరు వెనక తొట్టెలో పడేశాడు.

ట్రాక్టరు కొంతదూరమే వెళ్ళగలిగింది. అక్కణ్ణించి గేటుని ఈడ్చుకుంటూ నడిచారు.

"నువ్వు రాకక్కా, దిగబడతావు."

"నా బరువెంతరా! నా తప్పే బరువు. నడు."

ఆడ్రీ మోకాళ్ళదాకా దిగిపోయింది. లాక్కున్నకొద్దీ ఇంకా లోపలికి పోతోంది. నీళ్ళు సన్నటి నాలుకలా వచ్చి ఆమె కోటు అంచు తడిపాయి. ఆమె వెనకగా గేటు పరిచారు.

"కాళ్ళు లాక్కోకు తల్లీ. వెనక్కి వాలు. మంచం అనుకో."

"భయంగా ఉందండీ."

"నాకూ భయంగానే ఉంది. వాలు."

ఆమె వాలింది. నోరీన్ మరియమ్మ జపం గట్టిగా అందుకుంది. కోల్మన్ ఆడ్రీ చంకల కింద చేతులేసి లాగుతూ రొప్పాడు. "ఆపకక్కా, లాగడానికి ఊపు కుదురుతోంది!"

ఒక కాలు వచ్చింది. రెండోది బూటుని ఊబికే వదిలేసి వచ్చింది. గేటు తీసే వ్యవధి లేదు. పిక్కలదాకా నీళ్ళలో ట్రాక్టరు చేరుకున్నారు.

కోల్మన్ తన మేజోళ్ళు విప్పి ఆడ్రీ కాళ్ళకి తొడిగాడు. ఆమె నోరీన్ చేతులు పట్టుకుంది. "మీరు రాకపోయుంటే..."

నోరీన్ చేతులు వెనక్కి తీసుకుంది. "ముందు విను. నిన్ను అందులోకి పంపింది నేనే. మీ తాత గోడ ఈ చలికాలమే కూలింది. అది మర్చిపోయి దారి చెప్పాను."

ఒడ్డు చేరేదాకా ఆడ్రీ ఆవిడవైపు తలైనా తిప్పలేదు.

ఒడ్డున కోల్మన్ కేక పెట్టాడు. "గేటు సముద్రంలోకి, గొర్రెలు రోడ్డు మీదకీ!" అంటూ ముందు బయటపడ్డవాటి వెంట పరిగెత్తాడు.

ఆడ్రీ తడి మేజోళ్ళతోనే దూకి, గేటు లేని సందులో చేతులు చాపి నిలబడింది. ఒక్కతే చాలలేదు. పక్కనించి ఒక గొర్రె దూరిపోయింది. నోరీన్ తొట్టె దగ్గరే తలొంచుకుని ఉండిపోయింది.

"చూస్తారేంటి, నోరీన్ గారూ? చెయ్యి ఇవ్వండి. ఇద్దరం నిలబడితే గానీ సందు మూసుకోదు."

నోరీన్ వెళ్ళి చెయ్యి ఇచ్చింది. ముందున్న పొట్టేలు వాళ్ళిద్దరినీ ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగింది.