నీళ్ళు ఎటు పోతాయని అడిగిన మనిషి

మొన్న బుధవారం పొద్దున జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చింది. మా ఇంజనీరమ్మ పోయారట. ఏడ్చాను. ఏడుస్తూనే, పచ్చటి నాలుక బయటపెట్టి పిల్లలను వెక్కిరిస్తున్న ఆమె ముఖం గుర్తొచ్చి నవ్వేశాను. ఏం చేయను, ఆమెను తలుచుకుని ఉత్త దిగులు పడటం నా వల్ల కాదు.

అవి పార్టీల కక్షల రోజులు. నేను టీచరుగా ఉన్న ఊళ్ళో పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఇంకొకటి. ఒకరి వీధిలో ఒకరు అడుగు పెట్టరు. పిల్లలు మాత్రం రెండు వీధుల వాళ్ళూ నా దగ్గరే, కారే రేకుల కొట్టంలో కూర్చునేవారు. ఎట్టకేలకు బడికి గదులు మంజూరయ్యాయి. పైవీధి పెద్దాయన స్థలమిచ్చాడు. ముగ్గు పోసి పునాదికి గుర్తులు కూడా పెట్టారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పుడొచ్చారు ఇంజనీరమ్మ, పులివెందుల వైపు మనిషి. వాన అప్పుడే వెలిసింది. ముగ్గు పోసిన చోట ఒక గుంటలోకి వాననీళ్ళు సుడి తిరుగుతూ మాయమవుతున్నాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పక్కనే గొంతుక్కూర్చున్నారు.

"టీచరమ్మా, నీళ్లు యాడికి పోతాండాయో సూడు! ఇది సున్నపురాయి నేల. నీళ్లు రాయినే తినేస్తాయి. అడుగున గుహ ఉంటే బడి కూలుతాది, పిల్లోళ్లతో సహా."

ఆ గొంతులో నిధి దొరికినంత సంబరం! నాకు మాత్రం మళ్ళీ ఆ కారే కొట్టమే గతి అనిపించింది. పెద్దాయనకు ఒళ్ళు మండింది.

"ఏందమ్మా, నా నేల బాగలేదని కింది వీదోళ్లు చెప్పమన్యారా?"

ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా ముందు పార్టీనే చూసేవారు. ఆమె వాదించలేదు. "నా మాట నమ్మొద్దప్పా. నీళ్లనే అడుగుదాం" అన్నారు.

ప్రొద్దుటూరు బజారు నుంచి మిఠాయిల్లో వేసే రంగు సంచి నిండా తెచ్చారు. ఆ రంగు గుంటలో పోసి, ఎక్కడ తేలుతుందో చూడాలి. ఎక్కడైనా తేలిందంటే కింద నేల డొల్లని అర్థం. తేలితే, వాలును బట్టి, కిందివీధి బావిలోనే తేలాలి. పైవీధి నుంచి కిందివీధి బావిలోకి రంగునీళ్ళు! విషం కలిపారంటే ఊరు తగలబడదూ? ఆమె నేరుగా ఆ బావి దగ్గరికి పోయి, అందరి ముందూ గ్లాసుడు రంగునీళ్ళు గటగటా తాగేశారు. పచ్చగా మారిన నాలుక బయటపెట్టి పిల్లలను వెక్కిరించారు.

"ఎరుపు రంగు తీసుకరాలేదేందమ్మా?" అని అడిగిందొక ముసలావిడ.

"ఎరుపు సూస్తే మీవోళ్లు కత్తులు తీస్తారు గదవ్వా!"

కిందివీధి మొత్తం ఒక్కసారి గొల్లున నవ్వింది. సరేనన్నారు.

గుంటలో రంగు పోసి, వెనకే ట్యాంకరు నీళ్ళు వదిలారు. కిందివీధి వాళ్ళ మాట నమ్మలేక పెద్దాయన తన మనుషులను బావి దగ్గరికి పంపాడు. ఇన్నేళ్ళకు వాళ్ళు ఆ వీధిలో అడుగుపెట్టి, బెరుగ్గా నిలబడ్డారు. ఎండ ఎక్కింది, దిగింది. ఎవరూ కదల్లేదు. సాయంత్రం బావి గోడ వెంట సన్నగా పచ్చటి చార దిగింది.

"వచ్చె! వచ్చె!"

ఏ పార్టీవాడు ముందు అరిచాడో నాకు తెలియదు. నేనైతే చిన్నపిల్లలా ఎగిరాను.

పెద్దాయన స్థలాన్ని ఆమె కాదనలేదు. అదే స్థలంలో రెండో చివర, స్తంభం వచ్చే ప్రతిచోటా రాయిలోకి లోతుగా రంధ్రం వేయించి, అడుగున గట్టిగా ఉందని తేలాకే పునాది తీయించారు. గోడలకన్నా ముందు కాలువ కట్టించారు, చూరునీళ్ళు నేలలోకి ఇంకకుండా దూరంగా వాగులోకి పోవాలని. "ముందు నీళ్లకు దారి సూపించండప్పా, మీ ఇంటిదారి తర్వాత సూపిస్తా" అని మేస్త్రీలను తరిమేవారు. ఎవరి ఇంటికి పోయినా అదే పిచ్చి. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకును చూడకుండా ఇంటి వెనక్కి పోయి, తూములు చూసి వచ్చేవారు.

బడి మొదలైన రెండో ఏడు కుండపోతగా కురిసింది. పాఠం మధ్యలో దబ్బుమని చప్పుడు. మొదట ముగ్గు పోసిన చోట నేల దిగబడి, ఎద్దులబండి పట్టేంత గొయ్యి పడింది. మా గదిలో గచ్చు బీట కూడా వారలేదు. కానీ ఎవరు ఆగుతారు? రెండు వీధులూ పరిగెత్తుకొచ్చి, చేతికందిన పిల్లనల్లా ఎత్తుకుని బయటికి పోయాయి. కబురందిన ఇంజనీరమ్మ జీపు దిగీ దిగగానే కాలువలో మోకాళ్ళ మీద కూర్చుని, అడ్డుపడిన చెత్త లాగసాగారు.

పెద్దాయన గొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు. చేతుల్లో ఒక పిల్ల వణుకుతోంది. అది కిందివీధి పార్టీ నాయకుడి మనవరాలు.

"ఆడ్నే గదమ్మా నేను కట్టమనింది."

ఆమె తలెత్తలేదు. "పిల్ల తడుస్తాంది మామా. లోపలికి తీసుకపో. ఆ గదికేం కాదు."

ఆయన ఆ పిల్ల తలమీద తన పైపంచె కప్పి, తిరిగి గదిలోకి నడిచాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ, చంకన ఎవరి పిల్ల ఉంటే ఆ పిల్లతో.